ఒక కన్ను మైనస్ 1, ఇంకోటి మైనస్ 4: కళ్లద్దాలా, రాత్రి లెన్సులా?

పిల్లాడికి కుడికన్ను మైనస్ 1, ఎడమకన్ను మైనస్ 4 అనుకుందాం. కళ్లద్దాలు చవక, భద్రం. కానీ ఒక అద్దం అంచు మందం, ఇంకోటి పలచన. రెండు కళ్లకీ బొమ్మ ఒకే సైజులో కనపడక తలనొప్పి రావచ్చు.

ఆర్థో-కె అనే గట్టి కాంటాక్ట్ లెన్సులు రాత్రి పెట్టుకుని పడుకుంటే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) నడిభాగం కాస్త చదునవుతుంది. పొద్దున తీసేస్తే పగలంతా అద్దాలక్కర్లేదు. వాడటం మానేస్తే పాత పవర్ మళ్లీ వచ్చేస్తుంది. అసలు లాభం వేరే ఉంది: పిల్లల్లో మైనస్ పవర్ పెరగడానికి కారణమయ్యే కనుగుడ్డు పొడవు పెరుగుదలను ఇవి నెమ్మదింపజేస్తాయి. పవర్ ఎక్కువున్న కంటిలో ఈ ప్రభావం ఎక్కువగా ఉండి, రెండు కళ్ల తేడా తగ్గడం పరిశోధనల్లో కనిపించింది. మామూలు అద్దాలకు ఆ గుణం లేదు.

ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. కార్నియాకి ఇన్‌ఫెక్షన్ సోకితే చూపుకే ముప్పు. లెన్సుల్ని కుళాయి నీళ్లతో అస్సలు కడగకూడదు. రోజూ దగ్గరుండి శుభ్రం చేయించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదంటే నా ఓటు అద్దాలకే.