కేడీ 236 బ్రష్: చక్రాలకు భేష్, కరెంటు పికప్‌కి సగం వైద్యమే

హెచ్‌ఓ సైజు (అసలులో 87వ వంతు) మోడల్ రైలింజన్ చక్రాల మసి వదిలించడానికి అమెరికా కంపెనీ కేడీ అమ్మే చేతి బ్రష్ ఇది. ఇత్తడి తీగల కుచ్చులు రెండు, మధ్యలో కరెంటు దాటని ముక్క. బ్రష్ వైర్లు రెండూ పట్టాలకు కరెంటిచ్చే కంట్రోలర్‌కి తగిలిస్తే పట్టాల పని బ్రష్షే చేస్తుంది. ఆనించగానే చక్రాలు తిరుగుతాయి, ఆ తిరుగుడులోనే మసి రాలిపోతుంది.

ఇంజన్‌ని స్పాంజి మీద వెల్లకిలా పెట్టి, కంట్రోలర్‌ని మూడో వంతు తిప్పి, కుచ్చులు రెండువైపుల చక్రాలకూ తేలిగ్గా తగిలేలా పట్టుకోండి. గట్టిగా నొక్కితే మోటార్ మీద భారం పడుతుంది. రబ్బరు టైరున్న చక్రం జోలికి మాత్రం పోవద్దు, టైరు చిరుగుతుంది. గరుకు కాగితం వాడితే గీతలు పడి, నికెల్ పూత పోయి, మసి ఆ గీతల్లోనే మళ్లీ పేరుకుంటుంది. ఇత్తడితో ఆ బెడద తక్కువ. ఊడిన తీగ ముక్కలు గేర్లలో పడకుండా చివర్లో ఒకసారి దులపండి.

డీజిల్ ఇంజన్లే ఉన్నవాళ్లకు ఇది అక్కర్లేదు. పట్టాల మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన టిష్యూ పరిచి, ఒక ట్రక్కు (ఇంజన్ కింది చక్రాల బండి) చక్రాలను దాని మీద, రెండోదాన్ని పట్టాల మీద ఉంచి ఇంజన్‌ని కదలకుండా పట్టుకుంటే చాలు. స్టీమ్ ఇంజన్‌కి డ్రైవర్ చక్రాలన్నీ (మోటార్ తిప్పే పెద్ద చక్రాలు) టిష్యూ మీదికెక్కితే కరెంటే అందదు. బ్రష్ డబ్బులు గిట్టేది అక్కడే. అయితే కొన్ని పాత మోడళ్లలో ఒక పట్టా కరెంటు ఇంజన్ నుంచి, రెండోది టెండర్ (ఇంజన్ వెనకుండే బొగ్గు, నీళ్ల పెట్టె) నుంచి వస్తుంది. అలాంటప్పుడు కంట్రోలర్ రెండో కొస నుంచి ఒక క్లిప్ వైరు విడిగా టెండర్‌కి తగిలించాలి. టెండర్ చక్రాలు వాటంతటవి తిరగవు కాబట్టి వాటికి ఇయర్‌బడ్, ఆల్కహాలే గతి. ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే బ్రష్ పట్టండి, నిప్పురవ్వలు వస్తాయి. డీసీసీ (పట్టాల మీదుగా వచ్చే డిజిటల్ ఆదేశాలతో నడిచే) ఇంజన్ మామూలు డీసీ మీద కదలకపోతే దాని డీకోడర్ సెట్టింగ్ సీవీ29లో బిట్ 2 చూడండి, లేదా వైర్లను డీసీసీ ట్రాక్ అవుట్‌పుట్‌కే కలపండి.

ఇంత చేసినా బ్రష్ శుభ్రం చేసేది పట్టాను తాకే అంచునే. కరెంటు అక్కణ్నుంచి చక్రం వెనక ముఖానికి, దాన్ని ఒరుసుకునే ఫాస్ఫర్ బ్రాంజ్ వైపర్‌కి (కరెంటు అందుకునే సన్నటి రేకు), తర్వాత వైరుకి పోవాలి. చక్రాలు అద్దంలా ఉన్నా ఇంజన్ పట్టాలు చీలే పాయింట్ల దగ్గర ఆగుతోందంటే ముందు వైపర్‌నే అనుమానించాలి. ఆల్కహాల్‌లో తడిపిన సన్నటి కాగితం పేలికను వైపర్‌కీ చక్రానికీ మధ్య దూర్చి లాగండి, నలుపు రావడం ఆగేదాకా. ఒత్తిడి చాలకపోతే ట్వీజర్‌తో మొదలు దగ్గర కొద్దిగా వంచండి, కొన దగ్గర కాదు. ఎక్కువ వంచితే టెండర్ చక్రాలు తిరగకుండా ఈడ్చుకుపోతాయి. తర్వాత మల్టీమీటర్‌తో ఒక్కో చక్రం నుంచి పికప్ వైరు దాకా కొలవండి: చక్రాన్ని వేలితో తిప్పుతున్నా ఒక ఓమ్ లోపే నిలవాలి. అంకె గెంతుతుంటే ఆ వైపర్ పని ఇంకా ఉన్నట్టే. ఇరుసుకు నూనె సూదిమొన మీద నిలిచేంత చాలు. ఎక్కువైతే పాకి చక్రం అంచుకు చేరి దుమ్మును పట్టేస్తుంది.