పాట పాడే డ్రయ్యర్, తొమ్మిదేళ్ల తర్వాత

బట్టలు ఆరగానే మా డ్రయ్యర్ చిన్న పాట పాడుతుంది. కొన్న కొత్తలో ఆ పాట వినడానికే పిల్లలు దాని ముందు కాపు కాసేవారు. న్యూజెర్సీ చలికి బయట ఆరేసే వీలుండదు కనుక తొమ్మిదేళ్లుగా వారానికి ఐదారు లోడ్లు అందులోనే వేస్తున్నాం. ఒక్కసారీ మెకానిక్ అవసరం రాలేదని గొప్పగా చెప్పి, ఇద్దరు స్నేహితుల చేత అదే కొనిపించాను.

జనవరిలో ఒక ఆదివారం స్టార్ట్ నొక్కితే కదల్లేదు. లైట్లు వెలుగుతున్నాయి, సమయం చూపిస్తోంది, డ్రమ్ము మాత్రం ఉలకదు పలకదు. ఆరిన బట్టలకు పాట కట్టిన యంత్రం, తనకేమైందో ఒక్క అక్షరం చూపించదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

చైల్డ్ లాక్ చూశాను. 30 ఆంపుల జంట బ్రేకర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ వేశాను. తలుపు మూస్తే టిక్కుమంటోంది, లోపలి దీపం ఆరుతోంది; తలుపు స్విచ్ మీద అనుమానం తీరింది. చేత్తో తిప్పితే డ్రమ్ము బరువుగానే తిరిగింది. బెల్టు తెగి ఉంటే తేలిగ్గా తిరిగిపోయేది. సర్వీసు వాళ్లు నాలుగు రోజుల తర్వాత వస్తామన్నారు. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు డైనింగ్ కుర్చీల మీద ప్యాంట్లు ఆరేస్తూ, "మా ఇంట్లో దండెం ఏనాడూ చెడిపోలేదు బాబూ" అన్నారు.

ఆ మాటతో పౌరుషం వచ్చి, ప్లగ్గు పీకి వెనక రేకు విప్పాను. వేడిగాలిని బయటికి నెట్టే ఫ్యాను గూటికి బొటనవేలంత తెల్లటి థర్మల్ ఫ్యూజు, అంటే వేడి మితిమీరితే కరెంటు ఆపేసే చిన్న భాగం, ఉంది. వైర్లు తీసి, కరెంటు దారి తెగలేదంటే కూత పెట్టే మల్టీమీటర్ పెడితే కూత లేదు. పోయిందన్నమాట. కొన్ని మోడళ్లలో ఇది పోతే డ్రమ్ము తిరుగుతుంది, వేడి రాదు. మాదాంట్లో మోటారే ఆగిపోతుంది. ఒక మిత్రుడు ఫ్యూజు లేకుండా వైర్లు కలిపేయమన్నాడు. బట్టల నుంచి రాలిన పీచు నిండిన పెట్టెలో, నిప్పు రాకుండా ఆపేదాన్నే తీసేయాలా?

అసలు నేరం డ్రయ్యర్ వెనక దొరికింది. వేడిగాలిని ఇంటి బయటికి పంపే నాలుగంగుళాల అల్యూమినియం గొట్టం గోడకు నలిగి, తలగడకు సరిపడా పీచుతో బిగుసుకుపోయింది. గాలి పోయే దారి లేక లోపల వేడెక్కి ఫ్యూజు కాలింది. గొట్టం శుభ్రం చేయకుండా ఫ్యూజు ఒక్కటే మార్చి ఉంటే మళ్లీ పోయేదే. పీచు జాలీని కుళాయి కింద పెడితే నీళ్లు దిగకుండా నిలిచాయి, పరిమళం కోసం బట్టలతో పాటు వేసే డ్రయ్యర్ షీట్ల జిడ్డు వల్ల. సబ్బుతో రుద్దాల్సి వచ్చింది.

ఆరు నెలలుగా తువ్వాళ్లకు రెండో విడత కావాల్సి వస్తోంది నిజమే. యంత్రానికి వయసు మీద పడిందనుకున్నాను. మెకానిక్ అవసరం రాలేదన్న నా గొప్పలో కొంత, గొట్టం వైపు నేను చూడకపోవడమే.

కొత్త ఫ్యూజు, గట్టి లోహపు గొట్టం వేశాక మళ్లీ పాడుతోంది. మా లాండ్రీ గది బయటి గోడను ఆనుకుని ఉంది, గొట్టం నిడివి ఆరడుగులే, కాబట్టి మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటానేమో. గొట్టం ఎక్కడికి పోతుందో తెలియని అపార్ట్‌మెంట్లో ఉంటే మాత్రం ఆలోచిస్తాను. నేను కొనిపించిన ఇద్దరిలో ఒకరిది అలాంటి ఇల్లే. ఆయనకు ఇంకా ఫోన్ చేయలేదు.