సంచిల పడి అరిగిన పుస్తకాలు

నల్లగొండల ఇల్లు, దేవరకొండల నౌకరి. పొద్దుగాల గంటన్నర, సాయంత్రం గంటన్నర బస్సులనే గడుస్తది. పుస్తకం చదివిన తెల్లారే దాని గురించి రాసుడు నాకు నచ్చదు. మిక్సీ కొన్న నాడే మంచిగుందంటే ఎవరు నమ్ముతరు? అందుకే రెండేండ్లకు పైగ నా సంచిల తిరిగిన వాటి గురించే రాస్తున్న. అన్నం డబ్బా పక్కన, నీళ్ల సీసా కింద, గొడుగు పుల్లల నడుమ నలిగినయి ఇవి.

2023 డిసెంబర్‌ల ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. అప్పటి సంది పల్లెవెలుగుల సీటు దొరికితే పండుగే. పానగల్లు దాటి కనగల్లు వచ్చేదాంక నిలబడే చదువుత. ఒక చెయ్యి పై రాడ్డుకు, ఒక చెయ్యి పుస్తకానికి. బొటనవేలు నడుమ పెడితే ఒక్క చేతిల ఆగే పుస్తకం వేరు, రెండు చేతులు అడిగే పుస్తకం వేరు. విమర్శకులు ఈ ముచ్చట రాయరు గాని నాకు మొదటి పరీక్ష ఇదే. పేజీ గుర్తుకు, ఆడవాళ్లకు పైసలు తీసుకోకుంట కొట్టిచ్చే జీరో టికెట్ పెడుత. దాని మీద తేదీ, టైము ఉంటయి కాబట్టి ఏ పేజీ కాడ ఎన్ని రోజులు ఆగిన్నో తెలిసిపోతది. కాకపోతే ఆ అచ్చు నిలువది. కొన్ని నెలలకు ఎలిసిపోయి ఉత్త తెల్ల కాయితం మిగులుతది.

ముందుగాల ‘ప్రజల మనిషి’. వట్టికోట ఆళ్వారుస్వామి మా జిల్లా ఆయనే, నకిరేకల్ దిక్కు చెరువు మాదారంల 1915ల పుట్టిండు. ఇండ్లల్ల వంట చేసిండు, హోటల్ల పనిచేసిండు, ప్రూఫులు దిద్దిండు, 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంట తిరిగి అమ్మిండు. తెలంగాణ తొలి నవల ఏదంటే చాలామంది దీని పేరే చెప్తరు. మూడుసార్లు చదివిన. మూడుసార్లు మూడు తీర్లు అనిపించింది.

మొదటిసారి కథ గుంజుకపోయింది. దిమ్మెగూడెం ఊరు, దొర రామభూపాలరావు, వెట్టి, భూములు గుంజుకునుడు, నిజాం ఏలుబడిల తెలుగోళ్లు పెట్టుకున్న ఆంధ్ర మహాసభ అప్పుడప్పుడే ఊర్లకు చేరుతున్న రోజులు. తుపాకులు లేవటానికి ముందరి తెలంగాణ అది. ఒకనాడు సాయంత్రం నేను దిగే స్టేజీ దాటిపోయి, బస్టాండ్‌ల దిగి వెనక్కి నడిచిన. ఇంట్ల కోపానికి వచ్చిండ్రు, అది వేరే ముచ్చట.

రెండోసారి చదివితే కంఠీరవం మీద చికాకు లేచింది. ఆయనే కథానాయకుడు. తప్పు చెయ్యడు, తప్పు మాట్లాడడు, తన గురించి తను అనుకోడు. మా ఆఫీసుల అసొంటి మనిషి ఒక్కడుంటే మేమందరం బదిలీకి దరఖాస్తు పెట్టుకుంటుంటిమి. రచయితకు అట్ల జీవించినోళ్లు ఎదురుంగనే ఉండిరి, తనే అట్ల జీవించిండు, కాబట్టి అబద్ధం అనలేను. కాని చదివేటోళ్లకు ఆ మనిషిల ఒక్క పగులన్న కావాలె, చెయ్యి పెట్టి లోపల తడమటానికి.

మూడోసారి ఆయనను పక్కకు పెట్టి చుట్టున్నోళ్లను చూసిన. అప్పుడు దొరికింది నవల. అంటరానోళ్లని ఊరు దూరం పెట్టిన మనుషులు మతం మారే ఘట్టం ఉంటది. ఇయ్యాల ఎవరన్న ఆ పేజీలు రాస్తే ఒక దిక్కు నిలబడి ఇంకో దిక్కు రాళ్లు ఇసురుతరు. ఆళ్వారుస్వామి ఆ పని చెయ్యలె. వాళ్లను ఆ దిక్కు నెట్టింది ఎవరో చూడుమంటడు. మా తాత గడీ, అంటే దొర ఉండే కోట అసొంటి ఇల్లు, ముందల్నుంచి పోవాలంటే చెప్పులు చేతుల పట్టుకొని నడిచేటోడని అమ్మమ్మ చెప్తుండె. చిన్నప్పుడు అది కథ లెక్క విన్న. ఇది చదివినంక ఆ చెప్పుల బరువు తెలిసింది.

నా కాపీ మాత్రం రెండో చదువుకే నడుమల విడిపోయింది. కుట్టు లేని, జిగురుతోటి అతికించిన పుస్తకం బస్సు ఎండకు ఆగది. ఫెవికాల్ పెట్టి, రాత్రంత రోకలిబండ కింద పెడితే ఆగింది. ఇప్పుడు పూర్తిగ తెరుచుకోది, లోపలి అంచు అక్షరాలు వంగి చూడాలె.

‘చిల్లర దేవుళ్లు’ మా ఆఫీసు మేడం కాడ అరువు తెచ్చుకున్న. దాశరథి రంగాచార్య 1969ల రాసిన నవల. ఆయన అన్న, కవి దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైల్ల ఆళ్వారుస్వామితోటి కలిసున్నడు, తన ‘అగ్నిధార’ ఆయనకే అంకితమిచ్చిండు. తమ్ముడి నవల వచ్చి నా సంచిల ఆయన నవల పక్కన కూసుంది. ఇట్ల కలిసొస్తే నాకు చిన్నపిల్ల లెక్క సంబురమైతది.

ఆంధ్ర దిక్కు నుంచి సారంగపాణి అనే పాటగాడు తెలంగాణ పల్లెకు వస్తడు. దొర, గడీ, ఊరు అన్నీ ఆయన కండ్లతోని మనకు కనబడతయి. పరాయి మనిషి కండ్లు కావటం రచయిత తెలివి: మనకు అలవాటై ఇడ్డూరం అనిపించనిది ఆయనకు ఇడ్డూరం అనిపిస్తది. మాటలు మన మాటలే. బస్సుల నా ఎనుక నిలబడ్డోళ్లు మాట్లాడేదీ, పుస్తకంల వాళ్లు మాట్లాడేదీ ఒక్క తీరే వినబడ్డది రెండుమూడుసార్లు. ఇస్కూల్ల మేం చదివిన పాఠాలల్ల ఈ భాష తప్పు కింద లెక్క, ఎర్ర సిరా గీతలు పడేటియి.

కాని ఇందుల నన్ను వదిలిపెట్టనిది వనజ. ఆమె ఆడబాప. దొరల ఇండ్లల్ల పెండ్లికూతురి ఎంబడి సామానుతోటి పాటు పంపే ఆడపిల్లను అట్ల పిలిచేటోళ్లు. పేరుకు ఇంటి మనిషి, పెండ్లి లేదు, ఇల్లు లేదు, ఒళ్లు కూడ తనది కాదు. దొర బిడ్డ మంజరి గురించి రాసిన పేజీలు నాకు సినిమా లెక్క అనిపించినయి, గబగబ తిప్పేసిన. వనజ వచ్చిన కాడల్ల టికెట్ ఆగింది. కంఠీరవం లెక్క ఉపన్యాసం చెప్పది, చెప్పే అవకాశం ఆమెకు ఎవరిస్తరు? రెండు నవలలల్ల ఒక్క మనిషిని దాచుకోమంటే నేను వనజనే దాచుకుంట.

ఆ పుస్తకానికి ఒక ప్రమాదం అయింది. కొండమల్లేపల్లి కాడ ఒకామె బత్తాయిల మూట ఎక్కించింది. బ్రేకు పడంగనే మూట నా సంచి మీద కూసుంది. రెండు కాయలు పగిలి రసం నూరో పేజీ దాంక దిగింది. ఆరబెడితే పేజీలు అప్పడాల లెక్క లేచినయి, ఇప్పటికీ తెరిస్తే తీపి వాసన. మేడంకు కొత్తది కొనిచ్చి, దీన్ని నేనే ఉంచుకున్న.

కవిత్వం కాడ నేను తప్పు చేసిన. గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’కు 2021ల కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆయన నాగర్‌కర్నూల్ దిక్కు గౌరారం ఆయన, వాగు ఎండిన పాట ఇనని ఇల్లు మా దిక్కు లేదు. సన్నటి పుస్తకం, ఒక్క చేతిల ఆగుతది, బస్సుకు ఇదే కరెక్టనుకున్న. నెల రోజులు మౌనంగ చదివిన. పచ్చి నిజం చెప్తున్న, ఏం ఎక్కలె. పంక్తులు పంక్తులుగనే ఉన్నయి. ఇంత పేరొచ్చిన పుస్తకం నాకు ఎందుకు అందుతలేదని గిల్టీగ కూడ అనిపించింది.

ఒకనాడు సీటు దొరికింది, కిటికీ పక్క. తెల్వకుంటనే పెదాలు కదుపుకుంట గొణుగుతున్న. పక్కన ముసలామె, కనగల్ల ఎక్కింది, కొంచెంసేపు చూసి అడిగింది: “ఏం చదువుతున్నవ్ బిడ్డా, మంత్రాలా?”

“మంత్రాలు కాదవ్వా, పాటలు.”

“పాటలైతే గట్టిగ చదువు, నోట్ల నోట్ల ఏంది?”

చదివిన, సిగ్గుపడుకుంట. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు వచ్చినప్పుడల్ల ఆమె తలూపింది. మాట మీద మాటొచ్చి పరికి పండ్ల కాడికి పోయింది. నేను వాటిని చూడనే లేదంటే నా మొఖం దిక్కు జాలిగ చూసింది. “నౌకరి జేస్తున్నవ్, పరికి పండ్లు తెల్వదా?” అన్నది. ముందు సీటాయన నవ్విండు. ఆ రోజు చదివిన నాలుగు పేజీలు నాకు నోటికొచ్చినయి, అంతకు ముందు నెలంత చదివింది ఒక్క ముక్క రాలె.

అప్పటి సంది ఈ పుస్తకం బస్సుకు తీసుకపోత లేను. వంటింట్ల పప్పు డబ్బాల పక్కన ఉంటది. కుక్కర్ కూతకూ కూతకూ నడుమ ఒకటి చదువుత. పైకి చదివితే లయ తనే దారి చూపిస్తది, ఎక్కడ ఊపిరి ఆపాలె, ఎక్కడ సాగదియ్యాలె అనేది. అచ్చుల పాటకు రాగం రాసి ఉండది కదా, అది చదివేటోళ్లే తెచ్చుకోవాలె. ఒక ఫిర్యాదు: ఒక్కబిగిన పది చదివితే ఒకదాని లయ ఇంకోదానిల కలిసిపోతది. రోజుకు రెండే మంచిది. రెండేండ్లకు పసుపు మరకలు, నూనె మరకలు పడ్డయి. ఎక్కువ మరకలున్న పేజీలే నాకు ఎక్కువ నచ్చిన పేజీలని ఈ మధ్యనే కనిపెట్టిన.

ఇగ బొమ్మల కథలు. నాయిన బైండు చేయించిన పాత చందమామల సంపుటి ఉన్నది. చందమామ 1947 జులైల మొదలైంది. శంకర్ 1952ల చేరి బేతాళ కథలకు ఏండ్లకేండ్లు బొమ్మలేసిండు. దాన్ని కామిక్స్ అనొచ్చా అంటే అనరాదు, బొమ్మ పక్కన కథ ఉంటది గాని బొమ్మల లోపల కథ నడవది. మా చిన్నదానికి ఆ తేడాతోటి పనిలేదు. శవాన్ని భుజాన ఏసుకొని, చేతిల కత్తి పట్టి నడిచే విక్రమార్కుని బొమ్మ ప్రతి సంచికల చూసీ చూసీ అడిగింది: “అమ్మా, ఈయన ఎన్నేండ్ల సంది మోస్తున్నడు? దించి కూసోవచ్చు కదా?” జవాబు చెప్పలేక నవ్విన. పిల్లలకు ఇప్పటికీ పనిచేసే వాక్యాలు అవి, చిన్నగ, సాఫుగ. నా బాధ ఒక్కటే, అన్ని రాజ్యాలల్ల, అన్ని అడవులల్ల ఒక్కరన్న మా తీరు మాట్లాడరు.

వేరే భాషల నుంచి తెలుగుకు వచ్చిన బొమ్మల పుస్తకాలు కూడ కొన్న దానికోసం. వీటి గురించి ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటుంది. ఇంగ్లీష్ పెద్దక్షరాలకు పైన గీత, కింద తోక ఉండయి. మనకు పైన గుడి, కింద ఒత్తు. ‘స్వాతంత్ర్యం’ అన్న ఒక్క మాటకే కింద ఎంత జాగ కావాలె! ఇంగ్లీష్ మాటకు కొలిచి గీసిన బుడగల తెలుగు పట్టది. అప్పుడు అక్షరం సన్నగ చేస్తరు, లేకపోతే మాట కోసేస్తరు. పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుతది. కదిలే బస్సుల అది చదివితే కండ్లు గుంజుతయి. సుఖంగ చదవాలంటే ఇంట్ల, పగటి వెలుతుర్ల.

మా సూర్యాపేట శేఖర్ కార్టూన్లకు ఈ బాధ లేదు, తెలుగుల ఆలోచించి తెలుగు కోసం గీసినయి. ‘క్యాస్ట్ క్యాన్సర్’ పుస్తకం ఆయన తనే క్యాన్సర్‌తోటి ఉన్నప్పుడు వచ్చింది, 2014లనే పోయిండు. ఒక్క బొమ్మ చూసి మూసేస్తే ఇంకో స్టేజీ దాంక అదే తిరుగుతది బుర్రల. నవ్వు మాత్రం రాదు.

ఫోన్ల ‘గోలకొండ కవుల సంచిక’ స్కాన్ ఒకటుంది. తెలంగాణల కవులే లేరన్న మాటకు మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి 1934ల 354 మందితోటి ఇచ్చిన జవాబు అది. వేలితోని పెద్దగ చేసుకుంట పద్యాలు చదువుడు నాతోటి కాలె. మన దిక్కు ఊర్ల పేర్లు వెతుకుతుంట, అంతే.

ఇప్పుడు సంచిల ‘మోదుగుపూలు’ ఉంది, రంగాచార్యదే. మొదలుపెట్టి వారం కాలె, ఇరవై పేజీల కాడ టికెట్ పెట్టిన. తేదీ ఇంకా నల్లగనే కనబడుతుంది.