ఒక పెద్దదా, రెండు చిన్నవా: సబ్‌వూఫర్ వెతుక్కుంటూ తిరిగిన చోట్లు

సబ్‌వూఫర్లు వినిపించి అమ్మే ఆ డెమో గది మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. దాని పేరు చెప్పను. జరిగింది మాత్రం పూసగుచ్చినట్టు చెప్తాను, సబ్‌వూఫర్ (లోతైన బేస్ శబ్దాలను మోగించే స్పీకర్ పెట్టె) కొనబోయేవాళ్లు అలాంటి కుర్చీలో కూర్చుని నిర్ణయం తీసుకోకూడదని.

మా హాలు 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. సోఫాలో ముగ్గురం కూర్చుంటాం. తేలాల్సిన సంగతి ఒక్కటే. 15 అంగుళాల డ్రైవర్ (శబ్దం పుట్టించే గుండ్రటి భాగం) ఉన్న పెద్ద సబ్ ఒకటి కొనాలా, ఇంచుమించు అదే డబ్బుకు వచ్చే 10 అంగుళాలవి రెండు కొనాలా? చదివినకొద్దీ తలో మాటా కనిపిస్తుంటే, చెవులతోనే తేల్చుకుందామని నేనూ మా ఆవిడా తమ్ముడూ బయల్దేరాం. తమ్ముడు మొదటి నుంచీ పెద్దదాని వైపే. మా ఆవిడది ఏ పక్షమూ కాదు, మాటలు స్పష్టంగా వినపడితే చాలంది.

డెమో గది చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. గోడల నిండా ప్యానెళ్లు, నల్లటి సీలింగు, గది మధ్యలో ఒకే ఒక్క రిక్లైనర్. తోడొచ్చినవాళ్లకు పక్క గోడవారగా రెండు మామూలు కుర్చీలు. నన్ను రిక్లైనర్లో కూర్చోబెట్టి, 15 అంగుళాల సబ్ మీద ఒక పేలుడు సీను వేశారు. ఛాతీ అదిరింది, బాగుంది, కాదనను. లైట్లు వేశాక మా ఆవిడ, "ఏమండీ, నాకు ఒకటే మోత, మాట ఒక్కటీ తెలియలేదు" అంది. ఆ సేల్స్ అబ్బాయి వెంటనే, "మేడమ్‌కి అలవాటు లేదండీ, నాలుగు సినిమాలు చూస్తే సెట్టయిపోతుంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది అక్కడే. ఆమెకు వినపడిందే ఆమె చెప్పింది. నేను లేచి ఆమె కుర్చీలో కూర్చుని అదే సీను మళ్లీ వేయమన్నాను. నిజంగానే మోత. పేలుడుకీ లారీ ఇంజనుకీ నేపథ్య సంగీతానికీ తేడా లేకుండా అన్నీ ఒకే స్వరంలో మూలుగుతున్నాయి. పోనీ రిక్లైనర్‌ని ఒక మీటరు పక్కకి జరపమన్నాను. "కదపకూడదు సార్, ట్యూనింగ్ పోతుంది" అన్నాడు. ఒక్క కుర్చీ కోసం చేసిన ట్యూనింగ్‌ని సబ్‌వూఫర్ గొప్పతనంగా చూపించి అమ్ముతున్నారని అప్పటికి స్పష్టమైంది.

తర్వాత 10 అంగుళాలవి రెండు వినిపించారు. రెంటినీ స్క్రీన్ కింద పక్కపక్కనే పెట్టారు. వింటే పేలవంగా ఉన్నాయి. తమ్ముడు నా వైపు చూసి, "చెప్పానా అన్నయ్యా" అన్నాడు. నాకు అనుమానం వచ్చి 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనాల లోతైన శబ్దం) టోన్ ఒకటి వేయమని, అదే కుర్చీలో ఫోన్లో ఉన్న సౌండ్ మీటర్ పెట్టి చూశాను. ఫోన్ మైకు లోతైన శబ్దాలను సరిగ్గా కొలవలేదు గానీ, ఒకే టోన్‌ని ఒకే చోట పోల్చడానికి పనికొస్తుంది. చిన్నవి పెద్దదానికంటే 7 డెసిబెల్స్ తక్కువగా మోగుతున్నాయి! అంత లోతు శబ్దాల్లో కొద్ది డెసిబెల్స్ తేడా కూడా చెవికి చాలా పెద్దదిగా తెలుస్తుంది. సమం చేయమంటే, "వాటి కెపాసిటీ అంతే సార్" అన్నాడు. పట్టుబట్టి రిసీవర్‌లో (స్పీకర్లన్నిటికీ శబ్దం పంపే పెట్టెలో) సబ్ లెవెల్ పెంచిస్తే అవి అవలీలగా ఆ స్థాయికి వచ్చాయి. ఆ తర్వాత మాకు మిగిలిన మర్యాద, ఇంకో కస్టమర్ ఎదురుచూస్తున్నారన్న మాట ఒక్కటే. లెవెల్ సమం చేయకుండా పోల్చి చూపించే చోట ఒక్క రూపాయి అడ్వాన్స్ కూడా కట్టకండి.

మధ్యలో చూసిన మిగతా షోరూంల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మర్యాదగా వినిపించారు, ధర కాగితం ఇచ్చి పంపారు.

పెద్ద సబ్‌కి అన్యాయం చేయడం నాకిష్టం లేదు. ఒక మిత్రుడి ఇంట్లో రాత్రి బస చేశాం. ఆయన హాలు డైనింగుతోనూ మెట్లతోనూ కలిసిపోయి ఉంటుంది, తలుపులు లేవు, పైకప్పు రెండంతస్తుల ఎత్తు. అక్కడ 15 అంగుళాల పోర్టెడ్ (పెట్టెకు గాలి రంధ్రం ఉన్న) సబ్ ఒకటి ఉంది. బరువు 60 కిలోలు, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. అంత ఖాళీని నింపాలంటే అలాంటిదే కావాలి. 40 హెర్ట్జ్ దగ్గర వచ్చే గట్టిదనమే 20 హెర్ట్జ్ దగ్గరా రావాలంటే డ్రైవర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే కోన్ నెట్టాల్సిన గాలి 4 రెట్లు అవుతుంది. చిన్న డ్రైవర్ ముందుగా చేతులెత్తేసేది అక్కడే. ఆయన సబ్ మాత్రం 20 దాకా హాయిగా దిగింది. చెవికి దాదాపు ఏమీ వినపడదు, గదిలో గాలి బరువెక్కినట్టు మాత్రం తెలుస్తుంది. ఆయన ఒక్కరే చూస్తారు, కుర్చీ ఒక్కటే. ఆయనకు అదే సరైన ఎంపిక. తమ్ముడైతే అక్కడే ఉండిపోతానన్నాడు.

ఆ రాత్రి ఆయన ఇంకో సినిమా పెట్టుకున్నారు. పక్క గదిలో మా మంచం పక్కన కిటికీ అద్దం అర్ధరాత్రి దాకా దడదడలాడుతూనే ఉంది. మా ఆవిడకు కంటిమీద కునుకు లేదు. తెల్లారి కారులో ఎవరితోనూ మాట్లాడలేదు. లోతైన శబ్దం గోడల్ని లెక్కచేయదు, ఈ సంగతి కొనేముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. సబ్‌లు రెండైనా ఈ బాధ తప్పదు.

మనసు కుదుటపడింది మా అక్కావాళ్ల ఇంట్లోనే. బావగారి హాలు కూడా సరిగ్గా మా కొలతే, 6 బై 4. ఆయన 10 అంగుళాల సీల్డ్ (రంధ్రం లేకుండా మూసిన పెట్టె) సబ్‌లు రెండు పెట్టారు. ఒకటి ఎడమ గోడ మధ్యలో, రెండోది కుడి గోడ మధ్యలో, ఎదురెదురుగా. మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి సినిమా వేయలేదు, ముందు కుడి సబ్ ఆపేసి, ఎడమదాన్ని మూలకి జరిపి, బేస్ గిటార్ ఉన్న పాట వేశారు. నేను సోఫా మధ్యలో ఉన్నాను. గిటార్ లావు తీగ మీద వాయించినప్పుడల్లా ఆ స్వరం మాయమైపోతోంది. చివర కూర్చున్న తమ్ముడికి అదే స్వరం గుయ్యిమని మోగుతోంది. ఒకే సోఫా, ఒకే పాట, ఇద్దరికీ పొంతన లేదు!

బావగారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని గది వెడల్పుకు రెట్టింపైన 8తో భాగిస్తే సుమారు 43 హెర్ట్జ్. ఆ స్వరం దగ్గర గదిలో గాలి, తొట్టెలో నీళ్లు ఊగినట్టు ఊగుతుంది. అంచుల్లో పైకీ కిందకీ లేస్తుంది, నట్టనడుమ కదలదు. గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ కాబట్టి సరిగ్గా అక్కడే పడింది. నేను ఆ కదలని నడుమ కూర్చున్నాను, తమ్ముడు లేచే అంచు దగ్గరున్నాడు. డెమో గదిలో గోడవార కుర్చీలో మా ఆవిడకు జరిగింది కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. ఇలా స్వరం మాయమై పడిన గుంటను ఈక్వలైజర్‌తో (ఒక్కో స్వరాన్నీ పెంచి తగ్గించే అమరికతో) పూడ్చలేం. ఎంత శక్తి పంపినా అక్కడ మళ్లీ రద్దయిపోతుంది, ఆంప్లిఫయర్ వేడెక్కడమే మిగులుతుంది.

తర్వాత రెండు సబ్‌లనూ గోడల మధ్యకి తెచ్చి ఆన్ చేశారు. రెండు అంచుల నుంచీ ఒకేసారి నెట్టేసరికి ఆ ఊపు ఒకదాన్నొకటి చంపుకుంటుంది. సబ్‌లు పొడవాటి గోడల నడుమ ఉన్నాయి కాబట్టి, పొడవు వైపు వచ్చే 29 హెర్ట్జ్ ఊపు కూడా పుట్టదు. అదే పాట వేశారు. మా ఆవిడ ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతూ విని, "ఎక్కడ కూర్చున్నా ఒకేలా ఉంది, మాటలు కూడా తెలుస్తున్నాయి" అంది. అన్ని గదులూ తిరిగాక ఆవిడ నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. బావగారు ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మూడు సీట్ల గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి వేసి చూపించారు. ముందు మూడు దారులుగా ఉన్న గీతలు ఇప్పుడు దగ్గరగా నడుస్తున్నాయి. 57, 86 హెర్ట్జ్ దగ్గర గుట్టలు (శబ్దం ఎక్కువగా మోగే చోట్లు) ఇంకా ఉన్నాయి, కానీ మూడు సీట్లకూ పోలిక దగ్గర పడింది కాబట్టి వాటిని ఈక్వలైజర్ తగ్గించగలదు.

ఇది బావగారు కనిపెట్టిందేమీ కాదు. హర్మాన్ అనే ఆడియో కంపెనీలో పనిచేసిన టాడ్ వెల్టి దీర్ఘచతురస్రాకారపు గదుల్లో సబ్‌ల సంఖ్యనూ స్థానాలనూ మార్చి మార్చి లెక్కకట్టి 2002లో పత్రం సమర్పించారు. నాలుగు గోడల మధ్యల్లో నాలుగు పెడితే మేలు, ఎదురెదురు గోడల మధ్యల్లో రెండు పెట్టినా దాదాపు అంత మేలు, నాలుగు దాటితే చెప్పుకోదగ్గ లాభం లేదని అందులో తేలింది. ఒకటి చెప్పాలి, మూలలో పెడితే గది ఇచ్చే గట్టిదనం గోడ మధ్యలో రాదు. కాబట్టి చిన్నవి అన్నాం కదా అని మరీ చిన్నవి కొనకూడదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. రెండు సబ్‌లు పెడితే శబ్దం పెరుగుతుంది, లోతు పెరగదు. విడిగా 35 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయేవి రెండు కలిసినా అక్కడే ఆగుతాయి. కోన్ వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 8 అంగుళాలవి రెండు అంటే 128 వంతులు, ఒక్క 12 అంగుళాలది 144. రెండు కలిపినా దాన్ని అందుకోలేవు. 10 అంగుళాలవి రెండు 200, ఇవి 12ని దాటేస్తాయి, 15 అంగుళాలదానికి (225) దగ్గరకొస్తాయి. అందుకే మూసిన మామూలు హాలుకు నేను 10కి తగ్గొద్దంటాను. 8 అంగుళాల జతకు ఎంత తగ్గింపు ఇచ్చినా వదిలేయండి.

మేము 10 అంగుళాలవి రెండు, ఒకే మోడల్, కొన్నాం. తమ్ముడు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ రెంటినీ టీవీ పక్కన ఒకే మూలకి చేర్చి, "ఇలా పెడితే బాగా గట్టిగా వస్తుంది సార్" అన్నాడు. గట్టిగా రావడం నిజమే, పక్కపక్కన పెడితే 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కానీ సోఫాలో ముగ్గురికీ మళ్లీ మూడు రకాలుగా వినపడుతుంది. అందుకా మేము రెండు కొన్నది? మా పక్క గోడ మధ్యలో బాల్కనీ తలుపు ఉంది కాబట్టి ఒకటి ముందు గోడ మధ్యలో, రెండోది వెనక గోడ మధ్యలో పెట్టించాను. గదికి దీనివల్ల వచ్చే మేలు కూడా అలాంటిదే. అదనంగా పడిన ఖర్చు 12 మీటర్ల సబ్ కేబుల్, వెనక ఒక ప్లగ్ పాయింటు. సోఫాని వెనక గోడ నుంచి ముందుకు లాగాను, గోడకు ఆనించి కూర్చుంటే ఏ సబ్ అయినా మోతెక్కుతుంది.

రిసీవర్ కొనేటప్పుడు వెనక రెండు సబ్ సాకెట్లు కనపడగానే సంబరపడకండి. కొన్నింటిలో లోపల ఒకే సిగ్నల్ రెండుగా చీలుతుంది, అంతే. ఒక్కో సబ్‌కూ దూరాన్నీ లెవెల్‌నూ విడివిడిగా పెట్టగలిగేది కావాలి. మైకుతో గదిని కొలిచి శబ్దాన్ని సర్దే సాఫ్ట్‌వేర్లలో, ఆడిసీ మల్ట్‌ఈక్యూ ఎక్స్‌టీ32లోని సబ్‌ఈక్యూ ఆ పని చేస్తుంది, డిరాక్ లైవ్ బేస్ కంట్రోల్ ఇంకా ముందుకెళ్లి సబ్‌లనూ స్పీకర్లనూ కలిపి సర్దుతుంది. కొలత మొదలుపెట్టే ముందు రెండు సబ్‌ల గెయిన్ (శబ్దం స్థాయి) నాబ్‌లనూ ఒకే స్థాయికి తెచ్చి, సబ్ మీద ఉండే క్రాసోవర్ (ఏ స్వరం దాకా సబ్ మోగించాలో తేల్చే) నాబ్‌ని ఎక్కువ హెర్ట్జ్ వైపు చివరిదాకా తిప్పేయండి. 80 హెర్ట్జ్ కోత (అంతకంటే కింది శబ్దాలే సబ్‌కు వెళ్లేలా) రిసీవర్‌లో పెడితే చాలు.