వెన్ను ఫీల్డులు కలిసేచోట: గ్యాపా, గ్రేడియంటా?

మెడుల్లోబ్లాస్టోమా (ఒక రకం మెదడు క్యాన్సర్) ఉన్న పిల్లలకు సీఎస్‌ఐ (మెదడుకు, వెన్ను పొడవునా ఇచ్చే రేడియేషన్) ప్లాన్ చేయాల్సి వచ్చినప్పుడల్లా మా దగ్గర కొత్తగా చేరిన ఫిజిసిస్టులు అడిగేది ఒక్కటే: ఫీల్డులు (ఒక్కో బీమ్ పడే మేర) కలిసేచోట గ్యాప్ వదలాలా, వీమ్యాట్‌లో (యంత్రం బిడ్డ చుట్టూ తిరుగుతూ రేడియేషన్ ఇచ్చే పద్ధతి) ఒకదానిపై ఒకటి పరచాలా? ఈమధ్యే పదేళ్ల పాపకు ప్లాన్ చేస్తూ నేనూ ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకున్నాను.

పాత గ్యాప్ పద్ధతిని తీసిపారేయలేం. కిరణాలు లోపలికి పోయేకొద్దీ విచ్చుకుంటాయి కాబట్టి, వెన్నుపాము లోతున ఫీల్డులు కలవాలంటే చర్మం మీద ఖాళీ వదలాలి. వెన్నుకు 30, 20 సెంటీమీటర్ల ఫీల్డులు రెండు, ఎస్‌ఎస్‌డీ (రేడియేషన్ మూలం నుంచి చర్మానికి దూరం) 100 సెంటీమీటర్లు, వెన్నుపాము 5 సెంటీమీటర్ల లోతున ఉందనుకుంటే చర్మం మీద 1.25 సెంటీమీటర్ల గ్యాప్ వస్తుంది. బోర్లా పడుకోబెట్టిన బిడ్డ వీపు మీద రెండు వెలుగు అంచులు, మధ్య స్కేలు. తప్పు జరిగితే టెక్నాలజిస్టు కంటికే దొరుకుతుంది. ఆ భరోసా చిన్నది కాదు.

అయినా నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే: బిడ్డ కదిలితే ఏమవుతుంది? నిట్టనిలువు అంచులు కలిసేచోట 50 శాతం, 50 శాతం కలిసి నూరవుతాయి. ఒక ఫీల్డు 3 మిల్లీమీటర్లు జరిగిందా, ఆ సన్నని పట్టీలో డోసు పావు వంతు దాకా పెరగవచ్చు, తగ్గవచ్చు. పెరిగితే దెబ్బ వెన్నుపాముకు. తగ్గితే, వెన్నుద్రవంలో తేలే క్యాన్సర్ కణాలకు అక్కడ చోటు దొరికినట్టే. ఐదారు ఫ్రాక్షన్లకోసారి (ఫ్రాక్షన్ అంటే ఒక విడత డోసు) ఫీల్డులు కలిసే జంక్షన్‌ను ఒక సెంటీమీటరు జరిపే ఫెదరింగ్ ఈ తప్పును నాలుగు చోట్లకు పంచుతుందే గానీ, ఏ రోజు తప్పు ఆ రోజు జరిగిపోతూనే ఉంటుంది.

వీమ్యాట్‌లో అలా కాదు. 8 సెంటీమీటర్ల మేర ఒక ఆర్క్ (యంత్రం తిరుగుతూ ఇచ్చే బీమ్) డోసు మెల్లగా దిగుతుంటే రెండోది అంతే మెల్లగా ఎక్కుతుంది. ఈ వాలునే గ్రేడియంట్ అంటాం. అదే 3 మిల్లీమీటర్ల జరుగుబాటుకు తేడా 4 శాతం లోపే. పైగా బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టవచ్చు. మత్తు ఇవ్వాల్సిన పసివాళ్లకు శ్వాసను చూసుకోవడం తేలిక. దీనికి చెల్లించే మూల్యమూ ఉంది: ఊపిరితిత్తులు, మూత్రపిండాల్లో ఎక్కువ భాగానికి తక్కువ డోసు పాకుతుంది. ఎదిగే పిల్లల్లో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ సంగతి తెలిసే నేను గ్రేడియంట్ వైపు మొగ్గాను. మొదటి రోజు ఇమేజింగ్‌లో మాస్కు సరిగ్గానే ఉంది, భుజాలు మాత్రం 4 మిల్లీమీటర్లు కిందికి జారాయి. సరిచేశాకే బీమ్ ఇచ్చాం. ఎప్పుడైనా కంటికి అందకుండా అలాంటిదొకటి మిగిలిపోయినా ఈ ప్లాన్ తట్టుకుంటుంది.

సగం బీమ్ మూసి ఒకే ఐసోసెంటర్‌తో (యంత్రం తిరిగే కేంద్ర బిందువు) ఫీల్డులను కలపడం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ, జా (బీమ్ అంచును మూసే లోహపు దిమ్మ) ఒక్క మిల్లీమీటరు తేడాగా ఉన్నా ఎక్కువ లేదా తక్కువ డోసు పట్టీ పడుతుంది. టోమోథెరపీ (బల్ల కదులుతుండగా పొడవునా తెగకుండా రేడియేషన్ ఇచ్చే యంత్రం) ఉన్నచోట పిల్లల విషయంలో ఈ ప్రశ్నే రాదు.

కోబాల్ట్ యంత్రం (రేడియోధార్మిక కోబాల్ట్‌తో నడిచే పాత తరహా యంత్రం) మాత్రమే ఉన్న కేంద్రాలకు గ్యాపే దారి. ఫెదరింగ్ మాత్రం దయచేసి మానవద్దు. ఎస్‌ఎస్‌డీ అక్కడ 80 కాబట్టి గ్యాప్‌ను కొత్తగా లెక్కించండి: పైన చెప్పిన అవే ఫీల్డులకు 1.25 కాదు, దాదాపు 1.6 సెంటీమీటర్లు వస్తుంది.