రామప్ప, కోటగుళ్ల ఒకరోజు యాత్ర: గైడ్‌కు నిండు మార్కులు, ప్రయాణ క్రమానికి సగం

హనుమకొండలో పాతికేళ్లకు పైగా కాపురముంటున్న మాకు వేయి స్తంభాల గుడి అంటే కార్తీక మాసంలో దీపం వెలిగించే చోటు, ఖిలా వరంగల్ అంటే ఇంటికొచ్చిన చుట్టాలను సాయంత్రం పూట తిప్పే చోటు, రామప్ప అంటే మేడారం పోయి వచ్చే దారిలో మొక్కి వచ్చే గుడి. వీటిలో దేనినీ మేము తీరికగా చూసినవాళ్లం కాము. డిసెంబరులో మా అత్తమ్మ జగిత్యాల నుంచి వచ్చినప్పుడు, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పోరు పడలేక, కాకతీయుల కట్టడాలను గైడ్‌తో సహా ఒక్క రోజులో చూపిస్తామని చెప్పే ఒక స్థానిక ట్రావెల్స్ వారి ప్యాకేజీలో నలుగురికి సీట్లు తీసుకున్నాము. మనిషికి 1,400 రూపాయలు; మధ్యాహ్న భోజనం, తాగునీళ్లు, ప్రవేశ టికెట్లు అందులోనే అని చెప్పారు. కోట దగ్గరకు వెళ్లాక టికెట్టు మాత్రం ఎవరిది వారే కొనుక్కోవాలని తేలింది. పెద్ద మొత్తం కాదు కనుక ఎవరూ గొడవ పడలేదు కానీ, ముందు ఒక మాట, వాకిట్లో ఇంకో మాట చెప్పడం పద్ధతి కాదు.

ఉదయం 7 గంటలకు వేయి స్తంభాల గుడి వద్ద టెంపో ట్రావెలర్ ఎక్కమన్నారు. బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. గైడ్ మాత్రం మాకంటే ముందే వచ్చి గుడి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లు దాటని యువకుడు, సొంత ఊరు పాలంపేట దగ్గరి పల్లె. ఈ యాత్రలో డబ్బుకు తగిన ఫలితం ఏదైనా దక్కిందంటే అది ఆయన వల్లనే.

ఆయన పద్ధతి మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. ఏదైనా చెప్పే ముందు "ఇది రాతిలో ఉన్న మాట" అనో, "ఇది ఊళ్లో ఉన్న మాట" అనో చెప్పి మరీ మొదలుపెట్టేవాడు. వేయి స్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడన్నది మొదటి రకం; గుడి కింద నుంచి కోట దాకా సొరంగం ఉందన్నది రెండో రకం. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం ఇది అని చెప్పి, మూడు వైపులా మమ్మల్ని తిప్పి, నడుమ ఉన్న రంగమండపంలో నిలబెట్టాడు. గుడికి ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని పునాదుల దాకా విప్పి, ఏళ్ల తరబడి పని సాగించి, 2024 మహాశివరాత్రి నాడు తిరిగి తెరిచారు. అంతకాలమూ రేకుల చాటున ఉన్న ఆ రాళ్లను చూసి విసుక్కున్న మాలాంటి ఊరివాళ్లకు, పాత రాయి ఏది, కొత్తగా చెక్కి అతికిన రాయి ఏది అని ఆయన వేలు పెట్టి చూపించడం బాగా నచ్చింది. కొత్త రాతి మీద ఉలి గీతలు ఇంకా పదునుగా కనిపిస్తాయి.

కోటలో గడిపిన గంట కూడా బాగానే సాగింది. కీర్తి తోరణాన్ని రాష్ట్ర చిహ్నంలో రోజూ చూస్తుంటాము కానీ, కోటలో ఉన్న ఆ నాలుగూ దేనికి తోరణాలో నేనెప్పుడూ ఆలోచించలేదు. గైడ్ మమ్మల్ని ఆ నాలుగింటి మధ్యకు తీసుకెళ్లి, నాలుగు దిక్కులకూ ఒకసారి తిరగమని, "ఇప్పుడు మీరు నిలబడ్డది స్వయంభూ శివాలయం ఆవరణలో, గుడి లేదు, వాకిళ్లు మిగిలినయి" అన్నాడు. చుట్టూ వరుసగా పేర్చిన దూలాలు, విరిగిన స్తంభాలు, ముక్కలైన సింహాలు అప్పటి దాకా మాకు వట్టి రాళ్ల కుప్పలు. ఆ మాట విన్న తర్వాత ఏ ముక్క ఎక్కడిదై ఉంటుందో వెతుక్కుంటూ తిరిగాము. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతి కోటను రుద్రమదేవి పూర్తి చేయించడం, 1323లో ఉలుగ్ ఖాన్ సైన్యం చేతిలో ప్రతాపరుద్రుడు ఓడిపోవడం, ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్‌గా మారడం, ఆ ఉలుగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దె ఎక్కడం, ఇవన్నీ బడిలో చదివినవే అయినా పడిపోయిన గుడి నడుమ నిలబడి వింటే వేరుగా ఉంటుంది. కోటలోనే ఉన్న ఖుష్ మహల్ అనే పాత దర్బారు మందిరానికి మాత్రం పది నిమిషాలే ఇచ్చారు.

అక్కడి నుంచి ములుగు రోడ్డు పట్టి, జంగాలపల్లి క్రాస్ దగ్గర మళ్లి, రామప్ప చేరేసరికి పన్నెండు దాటింది. ఈ ప్యాకేజీలో అసలు తప్పు ఇక్కడే ఉంది. గుడి ఎత్తైన రాతి పీఠం మీద ఉంటుంది, చెప్పులు కిందనే విడవాలి, ప్రదక్షిణ చేయాల్సింది ఆ బండల మీదనే. డిసెంబరు ఎండకే అత్తమ్మ పీఠం ఎక్కిన వెంటనే కాళ్లు ఎగరేసుకుంటూ నీడలోకి నడిచింది. ఇక ఏప్రిల్‌లో ఈ ప్యాకేజీ నడిపితే పెద్దవాళ్ల గతి ఏమిటో ఊహించుకోవచ్చు. గుడి తూర్పు ముఖంగా ఉంది. పొద్దున పూట వస్తే వెలుగు నేరుగా మండపంలోకి పడి ఉండేది. మేము వెళ్లిన వేళకు సూర్యుడు నడినెత్తిన ఉండి, బయట కళ్లు చెదిరే ఎండ, లోపల చీకటి.

ఆ చీకటినే గైడ్ తనకు అనుకూలంగా మార్చుకున్నాడు. అందరినీ మండపంలోని కక్షాసనాల మీద, అంటే అంచున ఉన్న రాతి అరుగుల మీద కూర్చోబెట్టి, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా, కళ్లు అలవాటు పడనిచ్చాడు. తర్వాత ఒక నల్లరాతి స్తంభం పక్కకు వెళ్లి, టార్చిని ఎదురుగా కాక పక్క నుంచి పట్టుకున్నాడు. అంతసేపూ నున్నటి నల్లటి రాయిగా ఉన్న చోట నర్తకులు, మద్దెల వాయించేవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఆ తర్వాత టార్చిని శిల్పాల వెనక్కు మార్చి, మమ్మల్ని దగ్గరకు రమ్మన్నాడు. నర్తకి మోచేతికీ నడుముకూ మధ్య, సూది మాత్రమే దూరేటంత సందులో నుంచి వెలుగు చుక్క ఒకటి ఇవతలకు వచ్చింది. అంత గట్టి రాతిలో ఆ రంధ్రం తొలిచినవాడి చేయి ఒక్కసారి వణికినా ఆ చేతి బొమ్మ విరిగిపోయేది. మా అమ్మాయి ఆ చుక్కను తన అరచేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది.

కప్పు అంచుల కింద ఏటవాలుగా నిలిచిన మదనికల, అంటే స్త్రీ శిల్పాల దగ్గర అత్తమ్మకు హుషారు వచ్చింది. వాళ్లలో ఒకామె కాళ్లకు ఎత్తు చెప్పులున్నాయి. "అయ్యో, గా కాలంలనే గింత ఎత్తు చెప్పులు తొడిగిన్రా!" అని అత్తమ్మ అనగానే బండిలో అప్పటి దాకా ఎవరితోనూ మాట్లాడని కరీంనగర్ దంపతులు కూడా నవ్వేశారు. గైడ్ ఆమెను తొందరపెట్టలేదు. "పెద్దమ్మా, మెల్లగ రాండ్రి, ఏనుగులు ఏడికి పోవు" అంటూ, గుడి చుట్టూ బారులు తీరిన ఏనుగుల వరుస దగ్గర ఆమె కోసం ఆగాడు.

కట్టడం గురించి చెప్పిన తీరు కూడా మెచ్చుకోదగినది. పునాది గోతిని ఇసుకతో నింపి, దాని మీద గుడిని నిలబెట్టే విధానాన్ని వివరించడానికి ఆయన బియ్యం డబ్బాను ఉదాహరణగా తీసుకున్నాడు: బియ్యంలో కుదురుగా నిలబెట్టిన గ్లాసు, డబ్బాను కదిలించినప్పుడు గింజలతో పాటు సర్దుకుంటుందే తప్ప పగలదు. గుడిలోని నేల అక్కడక్కడ కుంగి, ఎగుడుదిగుడుగా ఉండడం, అయినా స్తంభాలు నిలిచే ఉండడం చూపించిన తర్వాత ఆ ఉదాహరణ మనసుకెక్కింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవి. పైబరువు తగ్గించడానికే వాటిని వాడారని చెప్పి, ఇటుక తేలుతుంది కానీ గుడి తేలదని, ఫోన్లలో వచ్చే వీడియోలను నమ్మవద్దని కూడా చెప్పాడు. పేరు విషయంలోనూ అంతే నిజాయితీ. 1213 నాటి శాసనంలో గుడి కట్టించినవాడిగా ఉన్నది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, దేవుడి పేరు రుద్రేశ్వరుడు. రామప్ప అనే శిల్పి పేరు మీద గుడికి ఆ పేరు వచ్చిందన్నది ఊళ్లో ఉన్న మాట. ఊళ్లో ఉన్న మాటకే ఎక్కువ ఆయుష్షు ఉన్నట్టుంది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు కూడా జనం నోట వినపడింది రామప్ప పేరే.

ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. గర్భగుడి ద్వారం పక్కన ఉన్న వేణుగోపాలుని శిల్పాన్ని వేలితో మీటితే స్వరాలు పలుకుతాయని చూపించడానికి మూడు నాలుగు సార్లు తట్టాడు. వెంటనే బండిలోని పిల్లలందరూ వరుస కట్టి తట్టడం మొదలుపెట్టారు. ఎనిమిది వందల ఏళ్ల శిల్పం మీద రోజూ ఎన్ని వేళ్లు పడుతున్నాయో అక్కడ నున్నగా మెరుస్తున్న రాయే చెబుతోంది. అంత తెలిసిన మనిషి ఆ ఒక్కటీ మానేస్తే బాగుంటుంది.

భోజనం గురించి ఎక్కువ చెప్పేది లేదు. దారి పక్కన హోటల్లో ముప్పావు గంట ఎదురుచూసిన తర్వాత చల్లారిన అన్నం, నీళ్ల పప్పుచారు పెట్టారు. మా ఆవిడ పొద్దున్నే చేసి డబ్బాలో పెట్టుకున్న సర్వపిండి నలుగురికీ, పక్క సీటు వారికీ కూడా అక్కరకొచ్చింది.

ఆ తర్వాత బండి లక్నవరం బయలుదేరింది. తీగల వంతెన, చెరువు, పడవలు అన్నీ బాగుంటాయి, కాదనను. కానీ గుళ్లూ కోటలూ చూద్దామని వచ్చినవారికి అక్కడ గంటన్నర ఎందుకు? పైగా దారి చూడండి. కోటగుళ్లున్న గణపురం రామప్పకు దగ్గరలోనే, వాయవ్యాన. లక్నవరం ఇంకో దిక్కున, గోవిందరావుపేట వైపు. రామప్ప నుంచి అటు వెళ్లి, మళ్లీ వచ్చిన దారినే వెనక్కి వచ్చి, రామప్ప దాటి గణపురం వెళ్లాలన్నమాట. మేము కోటగుళ్లు చేరేసరికి పొద్దు వాలిపోయింది. ప్యాకేజీ కాగితంలో గంట అని రాసి ఉన్న చోట మాకు దక్కింది ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాలే నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తున్నాయి. రాతి ప్రాకారం లోపల చిన్నా పెద్దా కలిసి 22 గుళ్ల సముదాయం అది. నడుమ గణపేశ్వరాలయం నిలిచి ఉంది, చుట్టూ ఉన్న చిన్న గుళ్లలో చాలావాటి శిఖరాలు కూలిపోయాయి. రామప్పలో ఉన్నంత జనం లేరు, కొట్లు లేవు, ఫొటోలు తీసేవాళ్లు లేరు. గడ్డిలో పక్కకు ఒరిగిన ఒక గుడి గడప మీద మేకపిల్ల పడుకుని ఉంది. రామప్పలో చూసిన పనితనమే ఇక్కడ విరిగి, నేల మీద, కంటికి దగ్గరగా కనిపిస్తుంది. దూలానికీ స్తంభానికీ మధ్య అతుకు ఎలా వేశారో, నిలిచి ఉన్న గుడిలో కంటే పడిపోయిన గుడిలోనే తెలుస్తుంది. గైడ్ ఒక పడిపోయిన రాతి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని దాని అడుగు భాగంలోని గాడిని చూపిస్తూ ఉండగానే డ్రైవర్ హారన్ మోగించాడు. ఆయన లేచి, చేతులు దులుపుకుని, "ఇంకో పావుగంట ఉంటే బాగుండు" అన్నాడు. ఈ మాట ప్రతి యాత్రలోనూ ఆయన అంటూనే ఉంటాడేమో.

మర్నాడు నిర్వాహకులకు ఫోను చేసి రెండు విషయాలు చెప్పాను. టికెట్టు సంగతి ముందే స్పష్టంగా చెప్పాలన్నది ఒకటి. రెండోది, యాత్రను తిరగేయాలి: పొద్దున 6 గంటలకే బయలుదేరి ముందు రామప్ప, అక్కడి నుంచి కోటగుళ్లు చూసి, భోజనం చేసి తిరుగుదారి పట్టి, ఎండ తగ్గాక కోటలో తోరణాలు చూసి, చివరికి వేయి స్తంభాల గుడి దగ్గర దిగితే, ఏ చోటికి తగిన వెలుగు ఆ చోట దొరుకుతుంది, దూరం కూడా తగ్గుతుంది. ఆయన ఓపికగానే విన్నాడు. "అందరూ లక్నవరమే అడుగుతరు సార్, అది తీసేస్తే సీట్లు నిండయి" అన్నాడు. వ్యాపారం ఆయనది, కష్టసుఖాలు ఆయనకు తెలుస్తాయి. కానీ పది మంది కలిసి బండి మొత్తం మాట్లాడుకుంటే లక్నవరం తీసేసి నడుపుతానని మాత్రం ఒప్పుకున్నాడు.

కాబట్టి విడిగా సీట్లు కొనేవారికి ఈ ప్యాకేజీని నేను సిఫారసు చేయను. చుట్టాలో, కాలనీవాళ్లో కలిసి బండి మాట్లాడుకునేట్లయితే తప్పకుండా వెళ్లండి, మార్గం మీరే చెప్పండి, పాలంపేట వైపు నుంచి వచ్చే ఆ గైడే కావాలని ముందుగా అడగండి. పెద్దవాళ్లుంటే రామప్ప పీఠం మీద వేసుకోవడానికి మందపాటి మేజోళ్లు పెట్టుకోండి. బండిలో చివరి వరుస తీసుకోవద్దు. ఏసీ గాలి అక్కడి దాకా రాదు, జంగాలపల్లి నుంచి లోపలికి మళ్లాక ప్రతి గుంతా నడుముకు తగులుతుంది.