అసిస్ట్ డాట్ ఆర్గ్: కమ్యూనిటీ కాలేజీ నుంచి ఇంజినీరింగ్‌లో చేరేదాకా వాడినవాడి మాట

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ళ కోర్సులు చెప్పే ప్రభుత్వ కాలేజీ) మొదలుపెట్టి ఇంజినీరింగ్‌కి యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) సీఎస్‌యూకో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) మారాలనుకునేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఈ సైట్ గురించే. కాలేజీలో చదివిన ఏ కోర్సు యూనివర్సిటీలో ఏ కోర్సుకి సరిపోతుందో ఇది చూపిస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. నేను ఎలక్ట్రికల్‌లో చేరేదాకా ప్రతి టర్మ్ రిజిస్ట్రేషన్‌కి ముందూ దీన్ని తెరిచేవాణ్ణి. ఇప్పుడు మా చుట్టాల పిల్లల కోసం తెరుస్తున్నాను.

మన దగ్గర డిప్లొమా వాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. ఇక్కడ అలాంటి ఎంట్రన్స్ లేదు. ఏ కోర్సులు పూర్తి చేశావు, ఏ గ్రేడ్లు వచ్చాయి అన్నదే ముఖ్యం. అందుకే సరైన కోర్సుల జాబితా చేతిలో ఉండటం అంత అవసరం.

విద్యా సంవత్సరం, మీ కాలేజీ, యూనివర్సిటీ, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుంటే ఒక పేజీ వస్తుంది. ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు. కొన్నిచోట్ల కుడివైపు రెండు మూడు కోర్సుల మధ్య 'అండ్' అని ఉంటుంది. అవన్నీ పూర్తి చేస్తేనే ఎడమవైపు కోర్సు చేసినట్టు లెక్క. డి ఆంజా లాంటి క్వార్టర్ కాలేజీల్లో (సెమిస్టర్ల బదులు ఇంకా చిన్న టర్మ్‌లతో నడిచేవి) ఫిజిక్స్ 4ఏ, 4బీ, 4సీ, 4డీ అని ముక్కలుగా నడుస్తుంది కాబట్టి ఈ 'అండ్' దగ్గర బాగా చూసుకోవాలి. సగం సిరీస్ ఒక కాలేజీలో, మిగతా సగం సెమిస్టర్ కాలేజీలో చేస్తే లెక్క కుదరక ఇబ్బంది పడతారు. పేజీ పైన ఉండే నోట్స్ చాలామంది చదవరు. కనీస జీపీఏ, తప్పనిసరి కోర్సుల సంగతి తరచుగా అక్కడే ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. ఒక కోర్సు యూసీకి ట్రాన్స్‌ఫర్ అవుతుందంటే యూనిట్లు (క్రెడిట్లు) వస్తాయని మాత్రమే. మేజర్‌కి పనికొస్తుందో లేదో మేజర్ పేజీలోనే తేలుతుంది. జనరల్ ఎడ్యుకేషన్ ప్యాటర్న్ (మేజర్‌తో సంబంధం లేకుండా చదవాల్సిన జనరల్ కోర్సుల జాబితా, 2025 ఫాల్ నుంచి దాని పేరు కాల్‌జెట్సీ) మొత్తం ముందే పూర్తి చేయాలని కంగారు పడకండి. ఇంజినీరింగ్‌కి మ్యాథ్, ఫిజిక్స్, మేజర్ కోర్సులే ముందు.

లోపం ఏమిటంటే, ఆ క్లాసు ఎప్పుడు పెడతారో సైట్ చెప్పదు. మా కాలేజీలో సర్క్యూట్స్ ఏడాదికి ఒక్కసారే ఉండేది. దానికి ముందు ఫిజిక్స్‌లో ఎలక్ట్రిసిటీ భాగం అయిపోవాలి. తీరా నా వంతు వచ్చేసరికి విద్యార్థులు చాల్లేదని రద్దు చేశారు. చాలా టెన్షన్ పడ్డాను. అప్పుడు ఆదుకుంది మళ్ళీ ఈ సైటే. అదే యూనివర్సిటీ, అదే మేజర్ ఉంచి, కాలేజీ పేరు మాత్రం మారుస్తూ చుట్టుపక్కల కాలేజీలన్నీ చూశాను. ఒకదాంట్లో సరిపోయే కోర్సు సాయంత్రం బ్యాచ్‌లో దొరికింది. నా మటుకు ఈ సైట్ విలువ తెలిసింది ఆ రోజే.

సీటు వస్తుందా రాదా అన్నది మాత్రం ఇందులో తేలదు. యూసీ క్యాంపస్‌లలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ టాగ్ (షరతులు తీరిస్తే సీటు ఇస్తామనే ట్రాన్స్‌ఫర్ ఒప్పందం) కింద గ్యారంటీ ఇస్తాయి, దానికి సెప్టెంబర్‌లో అప్లై చేయాలి. అన్ని ఇంజినీరింగ్ మేజర్లకూ అది వర్తించదు. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగోలకు టాగ్ లేనే లేదు. యూఎస్‌సీ, స్టాన్‌ఫర్డ్ లాంటి ప్రైవేటు యూనివర్సిటీల వివరాలు చాలావరకు వాటి సైట్లలోనే వెతుక్కోవాలి.